వడ్డీ తగ్గించింది ఎవరు నాయనా? — రిజర్వ్ బ్యాంక్ తలుపు కొద్దికొద్దిగా తెరుచుకున్న కథ



ఈసారి వ్యాసం కాస్త పెద్దదే. తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి. ఎప్పటిలాగే ముందే చెప్పుకుంటున్నాం: మేము బళ్ళో తమిళం చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడి, ఆఫీసులో ఇంగ్లీషులో ఫైళ్ళు రాసినవాళ్ళం. తెలుగు రాత పింఛను వచ్చాక పట్టుబడింది. తప్పులుంటే పెద్దలు దిద్దండి.

ఆదివారం పొద్దున మన సంఘం గదిలో పేపర్లు చదవడానికి చేరే మా గుంపు మీకు తెలిసిందే. ఎక్కువమంది రైల్వేలో గుమాస్తాలుగా చేసి దిగినవాళ్ళం. కరోనా తగ్గుముఖం పట్టిన రోజుల్లో, 2021లో, ఒక పెద్దావిడ మా దగ్గరికి వచ్చారు. ఆమె భర్త మాతోపాటు పనిచేసినవారే. ఆమె చేతిలో ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదు ఉంది. గడువు తీరి తిరిగి వేస్తే, వచ్చే వడ్డీ మునుపటికంటే చాలా తక్కువైంది. అప్పటికి కేంద్ర పింఛనుదారులకు కరువు భత్యం కూడా 2020 జనవరి నుంచి మూడు విడతలు నిలిచిపోయి ఉంది. ఇటు నూనె ధర, గ్యాసు ధర పైకి.

"వడ్డీ తగ్గించింది ఎవరు నాయనా? బ్యాంకులో అడిగితే పైనుంచి వచ్చిన ఆర్డరు అన్నారు. ఆ పైన ఎవరున్నారు?" అని అడిగారు.

మేమంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. రిజర్వ్ బ్యాంక్ అన్నాం. ఆ మాట ఆమెకూ తెలుసు. అక్కడ ఎవరు, ఏ లెక్క చూసి, ఎవరికి జవాబు చెప్పుకుంటూ తగ్గిస్తారన్నది మాకే తెలియదు. మద్రాసులో పుట్టి పెరిగిన మనకు రిజర్వ్ బ్యాంక్ అంటే రాజాజీ సాలైలో ఒక పెద్ద కట్టడం, వానొస్తే నీళ్ళు నిలిచే ఆర్బీఐ సబ్‌వే, అంతే. బీచ్ స్టేషనుకు వెళ్ళే బండిలో నలభై ఏళ్ళు ఆ పక్కనుంచే పోయాం. లోపల ఏం జరుగుతుందో ఒక్కనాడూ అడగలేదు.

ఆ ప్రశ్న పట్టుకుని అప్పటినుంచి చదివింది ఇక్కడ పెడుతున్నాం.

ముందు మనకు తెలిసిన రైల్వే సంగతి ఒకటి. బండి ఆలస్యమైతే కంట్రోల్ ఆఫీసులో ప్రతి నిమిషానికీ లెక్క ఉంటుంది. సిగ్నల్ వల్ల ఇన్ని నిమిషాలు, ఇంజను వల్ల ఇన్ని, ముందు బండికి దారి ఇచ్చినందుకు ఇన్ని అని శాఖలవారీగా రాస్తారు. మీ ఖాతాలో వేయకండని శాఖలు పోట్లాడుకుంటాయి కూడా. ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ మనిషికి మాత్రం "అసౌకర్యానికి చింతిస్తున్నాము" అన్న ఒక్క వాక్యం దక్కుతుంది. లెక్క లేక కాదు, ఆ లెక్క ఆయనకు చేరదు. రిజర్వ్ బ్యాంక్ చరిత్ర చదువుతుంటే మాకు పదేపదే ఈ సంగతే గుర్తుకొచ్చింది.

మన ఊరినుంచే మొదలుపెడదాం. 1843లో బ్యాంక్ ఆఫ్ మద్రాస్ పుట్టింది. 1921లో అది కలకత్తా, బొంబాయి బ్యాంకులతో కలిసి ఇంపీరియల్ బ్యాంక్ అయింది, తర్వాత స్టేట్ బ్యాంక్ అయింది. కానీ దేశం మొత్తానికి పెద్ద దిక్కుగా నిలిచే బ్యాంకు అప్పుడు లేదు. నోట్లు వేసే పని 1861 చట్టంతో సర్కారు చేతికి పోయింది. డబ్బు వ్యవహారాల్లో లోపల ఏం జరుగుతోందో బయటివాడికి తెలిసే దారి లేదు. దాని ఫలితం మద్రాసు 1906 అక్టోబరు 22న చూసింది. పేరు మోసిన ఆర్బత్‌నాట్ కంపెనీ ఆ రోజు చెల్లింపులు ఆపేసింది. జీవితమంతా కూడబెట్టింది నమ్మి దాచుకున్న ఉద్యోగులు, పింఛనుదారులు వీధిన పడ్డారు. సర్ జార్జ్ ఆర్బత్‌నాట్‌కు జైలుశిక్ష పడింది. మనవాళ్ళకంటూ ఒక బ్యాంకు కావాలని వి. కృష్ణస్వామి అయ్యర్ మొదలైనవారు పట్టుబట్టడంతో 1907లో ఇండియన్ బ్యాంక్ వచ్చింది. పింఛను డబ్బుకూ లోపలి లెక్కలు దాచడానికీ ఉన్న వైరం ఈ ఊళ్ళో అంత పాతది.

ఇక సర్కారు స్వయంగా చేసిన పని ఒకటి. రూపాయి అప్పుడు వెండి నాణెం. నాణేలు ముద్రించడానికి వెండి కొనాలి. 1912లో లండన్‌లోని ఇండియా ఆఫీసు, మామూలుగా వెండి కొనిపెట్టే బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండును పక్కనపెట్టి, శామ్యూల్ మాంటేగు అనే కంపెనీ ద్వారా రహస్యంగా కొనింది. బయటికి తెలిస్తే వ్యాపారులు ధర పెంచేస్తారు అన్నది వాళ్ళు చెప్పిన కారణం. కారణంలో న్యాయం ఉంది. సంగతి బయటపడ్డాక మాత్రం, ఆ కంపెనీ భాగస్వామి ఒకరు పార్లమెంటు సభ్యుడని తేలి పెద్ద గొడవైంది. ఆయన సీటు వదులుకుని మళ్ళీ ఎన్నికకు నిలబడవలసి వచ్చింది. ఆ గొడవల నడుమే 1913లో చాంబర్లిన్ కమిషన్‌ను వేశారు. తర్వాత ప్రపంచ ప్రసిద్ధుడైన కీన్స్ అందులో ఒక సభ్యుడు.

ఈ కథలో మేము నేర్చుకున్నది ఏమిటంటే, పని జరగకముందు గుట్టు ఉంచడం వేరు, పని అయిపోయాక దాచడం వేరు. సీజన్ టికెట్ ధర పెరగబోతోందని ముందే తెలిస్తే కౌంటరు ముందు క్యూ వీధిదాకా వస్తుంది. అది మేము కళ్ళారా చూసిందే. అందుకని పెరిగిన తర్వాత కూడా పట్టిక అతికించం అంటే ఎవరైనా ఒప్పుకుంటారా?

1935 ఏప్రిల్ 1న రిజర్వ్ బ్యాంక్ మొదలైంది. దాని చట్టంలో ఒక మంచి ఏర్పాటు మొదటినుంచీ ఉంది. వారానికోసారి తన జమాఖర్చుల పట్టీ ప్రచురించాలి. ఎన్ని నోట్లు వేశారు, దేన్ని ఆధారం చేసుకుని వేశారు అన్నది అందులో ఉంటుంది. అంటే అంకెలు మొదటినుంచీ బయటే ఉన్నాయి. బయటికి రానిదల్లా ఆ అంకెల వెనక ఉన్న ఆలోచన, వాదన, పోట్లాట.

పోట్లాట తొలి గవర్నరుతోనే మొదలైంది. సర్ ఆస్బర్న్ స్మిత్‌కూ సర్కారులో ఆర్థిక శాఖ చూసే జేమ్స్ గ్రిగ్‌కూ బ్యాంకు రేటు దగ్గరా, రూపాయి మారకం దగ్గరా పొసగలేదు. గడువు తీరకముందే 1937లో స్మిత్ దిగిపోయారు. రిజర్వ్ బ్యాంక్ పేరుతో తొలి నోట్లు 1938లో వచ్చాయి గనక, మొదటి గవర్నరు సంతకం ఏ నోటు మీదా లేదు. ఎందుకు దిగిపోయారో నోటు పట్టుకున్న జనానికి చెప్పినవాళ్ళూ లేరు.

స్వాతంత్ర్యం వచ్చింది. 1949 జనవరి 1న రిజర్వ్ బ్యాంక్ సర్కారు సొంతమైంది. అదే ఏడు బెనెగళ్ రామారావు గవర్నరయ్యారు. మన ప్రెసిడెన్సీ కాలేజీలో చదివిన మనిషి. 1956లో ఆర్థిక మంత్రిగా వచ్చినవారు మన మద్రాసు టి.టి. కృష్ణమాచారి. ఇద్దరూ మన ఊరిని ఎరిగినవాళ్ళే, ఇద్దరికీ పడలేదు.

గొడవ ఎక్కడ వచ్చిందంటే, బ్యాంకులు రిజర్వ్ బ్యాంక్ దగ్గర అప్పు తెచ్చుకోవడానికి పెట్టే బిల్లుల మీద సర్కారు స్టాంపు డ్యూటీ పెంచింది. బ్యాంకు రేటు 1951 నుంచి మూడున్నర శాతం. దాన్ని ముట్టుకోకుండానే అప్పు ఖర్చు పెరిగిపోయింది. టికెట్ ధర మార్చకుండా ప్లాట్‌ఫారం టికెట్ ధర పెంచినట్టు. వడ్డీ నిర్ణయించడం రిజర్వ్ బ్యాంక్ పని కదా, పక్కదారిన మీరు చేయడమేమిటని రామారావు అభ్యంతరం చెప్పారు. ప్రధాని నెహ్రూ మంత్రి వైపే నిలిచారు. సర్కారు నడిచే దారికి రిజర్వ్ బ్యాంక్ వేరుగా నడవకూడదన్నది ఆయన అభిప్రాయం. 1957 జనవరిలో రామారావు రాజీనామా చేశారు. ఆ ఏడు మే నెలలో బ్యాంకు రేటునే నాలుగు శాతం చేశారు.

ఎవరిది న్యాయం అన్నది మా గుంపులో ఇప్పటికీ తేలలేదు. ఎన్నికైన సర్కారుదే చివరి మాట కావాలని సగంమంది. అప్పుచేసేవాడే వడ్డీ నిర్ణయిస్తే ఎలా అని సగంమంది. అందరం ఒప్పుకున్నది ఒక్కటే: వడ్డీ పెంచాలనుకుంటే పెంచుతున్నాం అని చెప్పి పెంచాలి.

ఇంకో ఏర్పాటు ఇంతకంటే గుట్టుగా జరిగింది. 1955లో సర్కారుకూ రిజర్వ్ బ్యాంక్‌కూ మధ్య ఒక ఒప్పందం కుదిరింది. సర్కారు ఖాతాలో శుక్రవారం నాడు 50 కోట్లకు తగ్గకుండా, మిగతా రోజుల్లో 4 కోట్లకు తగ్గకుండా నిల్వ ఉండాలి. తగ్గితే 'అడ్‌హాక్' ట్రెజరీ బిల్లులు దానంతట అవే పుడతాయి, రిజర్వ్ బ్యాంక్ వాటిని తీసుకుని డబ్బు ఇస్తుంది. మామూలు మాటల్లో చెబితే కొత్త నోటు. శుక్రవారానికే ఎందుకంత ఎక్కువ అంటే, మేము పైన చెప్పిన వారపు పట్టీ శుక్రవారం లెక్కతోనే వస్తుంది. గుమాస్తా బుర్రకు ఇది ఇట్టే అర్థమవుతుంది. ఇన్‌స్పెక్షన్ రోజున బల్ల శుభ్రంగా ఉండాలి!

తాత్కాలికంగా చేతి అవసరానికి అని మొదలైన ఈ పద్ధతి నలభై ఏళ్ళకు పైగా నడిచింది. ధరలు ఎందుకు పెరుగుతున్నాయని ఊరంతా వ్యాపారిని తిట్టుకున్న కాలం అది. దానంతట అదే పుట్టే ఈ డబ్బు సంగతి ఆ తిట్టేవాళ్ళలో ఎంతమందికి తెలుసు?

ఆ రోజుల్లో వడ్డీ విధానాన్ని పరపతి విధానం అనేవారు. ఏడాదికి రెండుసార్లు, పంటల సీజను చూసి ఒకటి, సీజను తగ్గాక ఒకటి. గవర్నరు బ్యాంకుల పెద్దలను పిలిచి చెప్పేవారు, అది ఉత్తరం రూపంలో బ్యాంకులకు పోయేది. డిపాజిటు వేసినవాడితో ఆ ఉత్తరానికి పనిలేదు అన్నట్టు ఉండేది. ఈ కాలంలోనే 1977లో ఏడు నెలలపాటు మన తెలుగువారు మైదవోలు నరసింహం గవర్నరుగా ఉన్నారు. ఆయనా ప్రెసిడెన్సీ కాలేజీ విద్యార్థే. రిజర్వ్ బ్యాంక్‌లో చిన్న ఉద్యోగిగా చేరి, లోపలినుంచే ఎదిగి గవర్నరైనవారు ఆయన ఒక్కరే. ఉద్యోగంలో కిందినుంచి పైకి వచ్చినవాళ్ళంటే మాకు ప్రత్యేకమైన గౌరవం. అందుకే ఆ మాట ఇక్కడ రాశాం.

1991 సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. దేశానికి విదేశీ డబ్బు రెండు మూడు వారాలకు సరిపడా మిగిలింది. జూలైలో రిజర్వ్ బ్యాంక్ దాదాపు 47 టన్నుల బంగారం ఇంగ్లాండుకు పంపి అప్పు తెచ్చింది. గుట్టుగానే పంపారు, పేపర్లలో వచ్చాక ఊరంతా తెలిసింది. బంగారం తీసుకుపోతున్న వ్యాను బొంబాయిలో నడిరోడ్డు మీద ఆగిపోయిన ముచ్చటను వై.వి. రెడ్డి గారు తర్వాత తన పుస్తకంలో రాశారు. ఆ పూట గుట్టు ఎందుకో ఎవరికైనా అర్థమవుతుంది. కానీ ఇంట్లో బంగారం తాకట్టుకు పోతోందని ఇంట్లోవాళ్ళకు పక్కింటివాళ్ళ ద్వారా తెలిస్తే ఎలా ఉంటుందో, ఆ నెలలో దేశానికి అలా అనిపించింది.

అక్కడినుంచే తలుపు కదిలింది. గవర్నరు సి. రంగరాజన్ 1994 సెప్టెంబరులో సర్కారుతో ఒప్పందం చేసుకుని, 1997 ఏప్రిల్ నుంచి ఆ అడ్‌హాక్ బిల్లులు ఆపించారు. ఇక సర్కారుకు చేబదులు కావాలంటే దానికి పరిమితి ఉంటుంది, ఆ పరిమితి బయటికి ప్రకటిస్తారు. మా లెక్కలో ఈ మొత్తం కథలో అన్నిటికంటే పెద్ద మార్పు ఇదే. పేపర్లో మాత్రం అంత పెద్ద అక్షరాల్లో పడ్డట్టు మాకు గుర్తులేదు.

2003లో వై.వి. రెడ్డి గారు గవర్నరయ్యారు. కడప జిల్లావారు, మద్రాసు విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చేసినవారు. 2005లో ఆయన రెండు పనులు చేశారు. విధాన సమీక్షను ఏడాదికి నాలుగుసార్లు చేశారు. బయటి నిపుణులను కూర్చోబెట్టి ఒక సాంకేతిక సలహా సంఘం వేశారు. వాళ్ళు సలహా చెబుతారు, నిర్ణయం గవర్నరుదే. అయినా నలుగురి ముందు వాదించి నిర్ణయించడం మొదలైంది.

2008 సెప్టెంబరు 5న ఆ కుర్చీలోకి ఏలూరులో పుట్టిన దువ్వూరి సుబ్బారావు గారు వచ్చారు. తెలుగువారి తర్వాత తెలుగువారు. పది రోజులకే అమెరికాలో లేమన్ బ్రదర్స్ కూలింది. ఆ తర్వాత ధరలు పెరిగాయి, 2010 మార్చి నుంచి 2011 అక్టోబరు దాకా ఆయన 13 సార్లు వడ్డీ పెంచారు. ఇంటి లోను కట్టేవాళ్ళు తిట్టారు, డిపాజిట్లున్న మాబోటివాళ్ళం లోలోపల సంతోషించాం. నిజం చెప్పుకోవాలి కదా.

ఆయన చేసిన పనుల్లో ఒకటి మాకు ముఖ్యం. 2011 నుంచి సలహా సంఘం సమావేశంలో జరిగిన చర్చను కొన్ని వారాల తర్వాత బయటపెట్టడం మొదలైంది. పేర్లు ఉండవు. ఇంతమంది పెంచమన్నారు, ఇంతమంది వద్దన్నారు అని ఉంటుంది. సలహా ఒకలా, గవర్నరు నిర్ణయం మరోలా ఉంటే అది కూడా చదివేవాడికి కనబడుతుంది. తన మాటకు ఎదురుమాట ఉందని తానే అచ్చు వేయించడం చిన్న సంగతి కాదు. 2012 అక్టోబరులో ఆయన వడ్డీ తగ్గించలేదని ఆర్థిక మంత్రి చిదంబరం గారు అసంతృప్తిని దాచుకోకుండా చెప్పారు. సర్కారు ఒంటరిగా నడవాల్సివస్తే ఒంటరిగానే నడుస్తుంది అన్న భావంతో మాట్లాడారు. 1957లోనూ గవర్నరుకు ఎదురుగా ఉన్నది మన రాష్ట్రపు మంత్రే, 2012లోనూ అంతే. మొదటిది ఉత్తరాల్లో జరిగింది, రెండోది మైకుల ముందు జరిగింది. రెండోసారి జనం రెండు వైపులా విన్నారు. గవర్నరు తన గడువు పూర్తిచేసుకునే దిగారు.

ఇక్కడ ప్రపంచం సంగతి నాలుగు మాటలు. ఈ గుట్టు మన ఒక్కరిదే అనుకోవద్దు. అమెరికా కేంద్ర బ్యాంకు కూడా వడ్డీ నిర్ణయాన్ని సమావేశమైన వెంటనే ప్రకటించడం 1994 ఫిబ్రవరిలోనే మొదలుపెట్టింది. అంతకుముందు వ్యాపారులు ఆ బ్యాంకు కొనుగోళ్ళు చూసి ఊహించుకునేవారు. ధరల పెరుగుదలకు ఒక గీత గీసి, ఆ గీతకు కేంద్ర బ్యాంకును జవాబుదారీ చేయడం న్యూజిలాండ్ 1989 చట్టంతో మొదలైంది. ఇంగ్లాండులో 1997 నుంచి కమిటీ ఓటు వేసి వడ్డీ నిర్ణయిస్తుంది. ధరలు గీత దాటితే గవర్నరు ఆర్థిక మంత్రికి ఉత్తరం రాయాలి. 2007 ఏప్రిల్‌లో మెర్విన్ కింగ్ అలా తొలి ఉత్తరం రాశారు. అది అందరూ చదివేలా ప్రచురించిన ఉత్తరం. మంత్రి జవాబు కూడా ప్రచురించారు.

మన దేశంలో 2014లో ఊర్జిత్ పటేల్ కమిటీ ఇలాంటి పద్ధతే సూచించింది. 2016లో రిజర్వ్ బ్యాంక్ చట్టాన్ని సవరించారు. ధరల పెరుగుదల నాలుగు శాతం దగ్గర ఉండాలి, రెండుకు తగ్గకూడదు, ఆరుకు మించకూడదు. వడ్డీ నిర్ణయం ఇక గవర్నరు ఒక్కరిది కాదు, ఆరుగురి కమిటీది. ముగ్గురు రిజర్వ్ బ్యాంక్‌వారు, ముగ్గురు సర్కారు నియమించే బయటివారు. ఓట్లు సమానమైతే గవర్నరుకు రెండో ఓటు. సమావేశమైన పద్నాలుగో రోజున ఎవరు ఎటు ఓటు వేశారు, ఎందుకు వేశారు అన్నది పేరుతో సహా ప్రచురించాలి. తొలి సమావేశం 2016 అక్టోబరులో జరిగింది. 2017 జూన్‌లో నిర్ణయానికి ముందు కమిటీవారిని కలుస్తామని ఆర్థిక శాఖ అడిగితే, సభ్యులంతా వద్దన్నారని గవర్నరే విలేకరులకు చెప్పారు. 1957తో పోల్చి చూడండి.

ఇప్పుడు ఆ పెద్దావిడ ప్రశ్నకు వద్దాం.

2020 మే నెలలో రెపో రేటు, అంటే బ్యాంకులు రిజర్వ్ బ్యాంక్ దగ్గర తెచ్చుకునే అప్పు మీద వడ్డీ, నాలుగు శాతానికి దిగింది. 2022 మే దాకా అక్కడే ఉంది. ఆ వడ్డీ దిగితే డిపాజిట్ల వడ్డీ కూడా దిగుతుంది. కారణం కరోనా. వ్యాపారాలు మూతపడి, కూలీలు కాలినడకన ఊళ్ళకు పోయిన రోజులు. అప్పు చౌక చేయకపోతే ఇంకా ఎన్ని తలుపులు మూతపడేవో. ఆ నిర్ణయం తప్పని మేము అనడంలేదు. కానీ దాని ఖర్చులో కొంత ఆ పెద్దావిడ రసీదు మీద పడింది.

కమిటీ చర్చలు మేము కూర్చుని చదివాం. అందులో మాకు దొరికింది ఇది: 2021 ఆగస్టులో ఆరుగురిలో ఒకరు, జయంత్ వర్మ అనే ప్రొఫెసరు, వడ్డీని ఇలాగే తక్కువగా ఉంచుతామన్న మాటకు ఒప్పుకోలేదు. ఒకటికి అయిదు ఓట్లు. ఆయన మాట ఆ రోజు నెగ్గలేదు. కానీ ఆ మాట, దాని కారణం, ఆయన పేరు కాగితం మీద ఉన్నాయి. అదే మనిషి 2023 ఫిబ్రవరిలో వడ్డీ ఇంకా పెంచడం వద్దని ఓటు వేశారు. కాబట్టి ఆయన డిపాజిటర్ల పక్షమో, అప్పుచేసేవాళ్ళ పక్షమో కాదు. లెక్క చూసి చెప్పారు. ఈ సంగతి ఆమెకు చెబితే, "అయితే అక్కడ ఒకరైనా కాదన్నారన్నమాట" అన్నారు. ఆ ఒక్క మాటతో ఆమె మొహం కొంచెం తేరుకుంది. వడ్డీ ఒక్క పైసా పెరగలేదు, అయినా తేరుకుంది. చెప్పి చేయడంలోని విలువ మాకు అప్పుడు అర్థమైంది.

కానీ కథ అక్కడ ఆగలేదు. 2022లో ధరలు గీత దాటాయి. ఉక్రెయిన్ యుద్ధం, నూనె, గోధుమ. ఏప్రిల్‌లో పెరుగుదల 7.79 శాతం. మే నెలలో కమిటీ షెడ్యూలులో లేని సమావేశం పెట్టి వడ్డీ పెంచింది. అయినా జనవరి నుంచి సెప్టెంబరు దాకా మూడు త్రైమాసికాలూ వరసగా ఆరు శాతం పైనే. వరసగా మూడు దాటితే వైఫల్యం కిందే లెక్క అని చట్టం చెబుతుంది. అప్పుడు రిజర్వ్ బ్యాంక్ సర్కారుకు నివేదిక రాయాలి: ఎందుకు తప్పాం, ఏం చేస్తాం, ఎప్పటికి దారికి తెస్తాం. 2022 నవంబరు 3న దానికోసమే కమిటీ ప్రత్యేకంగా కూర్చుంది. ఈ చట్టం కింద అలాంటి ఉత్తరం అదే మొదటిది.

ఆ ఉత్తరం మనకు చూపించలేదు. అది సర్కారుకు రాసేది, వాళ్ళకంటే ముందు బయటపెట్టే అధికారం తనకు లేదు, ఎప్పటికైనా బయటికి వస్తుంది అన్నట్టు గవర్నరు శక్తికాంత దాస్ గారు చెప్పారు. డిసెంబరులో లోక్‌సభలో అడిగితే, నివేదిక అందింది, కానీ దాన్ని బహిరంగం చేయాలని చట్టంలో లేదని సర్కారు జవాబిచ్చింది.

చట్టంలో లేదు, నిజమే. ప్రతి సభ్యుడి ఓటునూ పద్నాలుగో రోజున అచ్చువేయమన్న చట్టం, అసలు పని తప్పినప్పుడు రాసే ఉత్తరం దగ్గరికి వచ్చేసరికి మాట్లాడలేదు. ఇంగ్లాండులో చదవడానికి దొరికేది ఇక్కడ దొరకదు. కంట్రోల్ ఆఫీసు రిజిస్టరులో ఆలస్యానికి కారణం రాసి ఉంది, ప్లాట్‌ఫారం మీద మనకు వినబడలేదు. రహస్యంగా ఉంచాలన్నవాళ్ళ వైపు న్యాయం కూడా ఆలోచించాం. ముందు ముందు వడ్డీ ఎటుపోతుందో అందులో ఉంటే మార్కెట్టు ఎగిరిపడవచ్చు. సరే, ఆరు నెలలు ఆగి చూపించండి, ఏడాది ఆగి చూపించండి. ధరలు ఆ తర్వాత దిగివచ్చాయి కదా, ఇక భయమెందుకు?

పెద్దావిడకు ఈ సంగతి కూడా చెప్పాం. కాసేపు ఊరుకుని, "ఉత్తరం వాళ్ళకు రాశారు సరే. ధర పెరిగింది మాకు కదా నాయనా" అన్నారు. మా దగ్గర జవాబు లేదు.

చివరగా మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. 2025 ఆగస్టులో రిజర్వ్ బ్యాంక్ ఒక చర్చాపత్రం బయటపెట్టింది. ఈ నాలుగు శాతం గీత ఇలాగే ఉండాలా, పైన కింద ఇచ్చిన వెసులుబాటు మార్చాలా, మీ అభిప్రాయం రాయండి అని అందరినీ అడిగింది. రాయడానికి దాదాపు నెల రోజులు గడువిచ్చింది. గుట్టు గుట్టు అని ఇన్నేళ్ళు సణిగిన మా గుంపులో ఒక్కరమూ రాయలేదు. గడువు దాటాక తెలిసింది. ఇంగ్లీషు కాగితం కదా అని మేము చెప్పుకున్న సాకు మాకే నచ్చలేదు. ఆఫీసులో ముప్పైఏళ్ళకు పైగా ఇంగ్లీషులోనే కదా రాశాం! వాళ్ళు తలుపు కొంచెం తెరిచినప్పుడు మనం గడప దగ్గర లేకపోతే, తలుపు మూసి ఉందని అనే హక్కు తగ్గిపోతుంది.

అందుకని ఒక చిన్న ఏర్పాటు అనుకున్నాం. రెండు నెలలకోసారి కమిటీ చర్చలు బయటికి వచ్చిన తర్వాతి ఆదివారం, మన సంఘం గదిలో పొద్దున పది గంటలకు, ఎవరు ఏమన్నారు, ఎందుకన్నారు అన్నది తెలుగులో చదివి చెబుతాం. తెలుగు అక్షరం రానివాళ్ళకు తమిళంలోనూ చెప్పగలం, దానికి మేమున్నాం. ఇంటి లోను కట్టే పిల్లలూ రావాలి. వాళ్ళ వడ్డీ దిగితే మాది దిగుతుంది, రెండు వైపులూ ఒకే గదిలో కూర్చుంటేనే లెక్క సరిగా అర్థమవుతుంది. ఈసారి అభిప్రాయం అడిగితే, ఆ ఉత్తరం సంగతే మొదటి వాక్యంగా రాద్దాం. పెద్దావిడ సంతకం ముందు పెట్టిద్దాం.